గుడ్లాయన

మ్యూజియంలో నా ఉద్యోగం 'కాదు' అని చెప్పడం. గది ముందు బోర్డు మీద ఇంకేదో గొప్పగా రాసి ఉంటుంది గానీ, ఇరవై ఆరేళ్ళుగా నేను చేస్తున్నది మాత్రం అదే. వెనక గుమ్మం పక్కన ఓ కిటికీ. కిటికీకి ఇవతల నేను, ఓ భూతద్దం, చిన్న సుత్తి, యాసిడ్ సీసా, ఓ లావుపాటి రిజిస్టరు. అవతల సంచుల్లో, తువ్వాళ్ళలో, పాత అట్టపెట్టెల్లో రాళ్ళు మోసుకొచ్చిన జనం. తమకి దొరికింది శిలాజమని, లక్షల ఏళ్ళ నాటి ప్రాణి ఏదో తమ పెరట్లోనే రాయై పడి ఉందని వాళ్ళ నమ్మకం.

"తాబేలండీ. పైన గళ్ళు కూడా ఉన్నాయి చూడండి."

"తాబేలు కాదండీ. మట్టిముద్ద ఎండి లోపల బీటలు పడింది. ఆ బీటల్లో వేరే ఖనిజం దిగి గట్టిపడింది. ఆ గళ్ళు అవే."

పల్చటి పలక మీద నల్లటి ఆకు తెచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు. అది ఆకు కాదు. రాతి పగుల్లోకి నీళ్ళతో పాటు ఇంకిన మాంగనీసు మరక. అచ్చం కొమ్మలు వేసినట్టే పాకుతుంది. ఆకుకి ఈనె ఉంటుంది, దీనికి ఉండదు. ఎముక అని తెస్తే నాలుక చివర ఆనించి చూస్తాను. నిజంగా పాతకాలపు ఎముకైతే దాని నిండా సన్నటి రంధ్రాలుంటాయి, నాలుకను పట్టుకుంటుంది. ఉత్త రాయి పట్టుకోదు. ఒకాయన నేను నాకేదాకా ఊరుకుని, ఆ తర్వాత "దాన్ని మా కుక్క నోట్లో పెట్టుకుని తిరుగుతుంటే లాక్కొచ్చానండీ" అన్నాడు మహానుభావుడు.

కొందరు నవ్వి వెళ్ళిపోతారు. కొందరు పోట్లాడతారు. నీకేం తెలుసు, పైవాళ్ళని పిలువు అంటారు. పిలుస్తాను. పైవాళ్ళూ వచ్చి కాదనే చెబుతారు. రిజిస్టరులో ఆఖరి గడి నిండా నా దస్తూరీతో అదే మాట, పేజీలకు పేజీలు. నాకెప్పుడూ బాధనిపించలేదు. పైగా, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉండేది.

అంతమందికి మొహం మీద చెప్పినదాన్ని మా అన్నయ్యకి చెప్పలేకపోయాను. పదకొండేళ్ళు చెప్పలేదు. ఆ పదకొండేళ్ళూ ఆయన పాడైన ఊపిరితిత్తులతో రాతిదుమ్ము పీలుస్తూ తవ్వుతూనే ఉన్నాడు.

నాన్న పోయేటప్పటికి నాకు ఆరేళ్ళు, అన్నయ్యకి పదహారు. నాన్న పనిచేసిన ఇసుకరాతి క్వారీలోనే అన్నయ్య డ్రిల్లు పట్టుకున్నాడు. రాతిలో వరసగా కన్నాలు వెయ్యడం, పేలుడు మందు కూరేవాళ్ళకి చోటు చూపించడం ఆయన పని. ముప్పై ఆరేళ్ళు ఆ డ్రిల్లు అదురు ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. గ్లాసులో టీ సగమే పొయ్యాలి, నిండుగా పోస్తే లుంగీ మీద ఒలుకుతుంది. నేను చిన్నప్పుడు సాయంత్రం ఆయన అన్నం డబ్బా మూత తీస్తే అడుగున ఎప్పుడూ ఏదో ఒక మెరిసే రాయి ఉండేది. "నీకోసం దాచానే, మేస్త్రీ చూడకుండా" అనేవాడు. నేను రాళ్ళ చదువు చదివానంటే ఆ డబ్బా వల్లే. చదివించింది కూడా ఆయనే.

అన్నయ్యకి ఒక విద్య ఉండేది. రాయిని సుత్తితో తట్టి, తల వాల్చి వినేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే గొంతు మారుతుంది. ఆయన చెవి పెట్టి "ఇక్కడ వద్దు, జారుతుంది" అన్న చోట ఎవరూ కన్నం వేసేవారు కారు. అలా ఎందరి ప్రాణాలు నిలిపాడో ఆయనకే తెలీదు. క్వారీలో ఇంజనీరు మాటకన్నా మా అన్నయ్య చెవికే విలువ ఎక్కువ.

యాభై రెండో ఏట డాక్టరు ఫొటో తీసి ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందన్నాడు. ఇక దుమ్ము ఛాయలకి వెళ్ళొద్దన్నాడు. క్వారీవాళ్ళు ఓ దండ వేసి ఇంటికి పంపేశారు. అంతకు ఆర్నెల్ల ముందే వదిన పోయింది. ముందు గదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మా మేనకోడలు కుట్టుషాపు నుంచి ఫోను చేసి "నాన్న మాట్లాడట్లేదత్తా. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు" అని ఏడ్చేది. నాలుగు నెలలు అలా గడిచాయి. నేను ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి, ఆ వీపుతో మాట్లాడి వచ్చేదాన్ని.

ఓ ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. మంచం మీద తువ్వాలు పరిచి, దాని మీద పెద్ద దబ్బకాయంత బూడిదరంగు రాయి పెట్టి ఉంచాడు.

"చూడు" అన్నాడు. నాలుగు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"ఎక్కడిదన్నయ్యా?"

"మూసేసిన పాత క్వారీ గుంట లేదూ, అక్కడ రాయి కోసిన మూడో మెట్టు. ఊరికే నడుస్తూ వెళ్ళాను. ఇంకా ఉన్నాయే అక్కడ, పక్కపక్కనే! గుడ్లు. పూర్వం తిరిగాయని నువ్వు చెబుతావే, ఆ పెద్ద జంతువులు, వాటివి. ఉండు, చెవి పెట్టు."

సుత్తితో తట్టాడు. ఖంగుమనలేదు, దబ్బుమంది.

"విన్నావా? లోపల ఏదో ఉంది. ముప్పై ఆరేళ్ళు విన్నాను రాళ్ళని. లోపల వేరేది ఉంటేనే ఇలా పలుకుతుంది."

చూసిన క్షణంలోనే నాకు తెలిసింది. పెంకు లేదు, పెంకుకి ఉండాల్సిన సన్నటి రంధ్రాలు లేవు. పైగా ఆ గుంటలో ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల గీతలే ఈ ఉండ ఇటువైపు నుంచి అటువైపుకి తిన్నగా దాటుకుపోయాయి. గుడ్డైతే పొరలు దాని చుట్టూ వంగుతాయి గానీ లోపల్నించి పోవు. ఏ ఇసుక రేణువు చుట్టూనో, మట్టిబెడ్డ చుట్టూనో ఖనిజం పట్టి గుండ్రంగా గట్టిపడ్డ ఉత్త రాతిముద్ద అది. అలాంటివి కిటికీ దగ్గర నేను కొన్ని వందలు చూశాను. కూర్చున్న చోట నుంచి లేవకుండా కాదని చెప్పి పంపేశాను.

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. నాలుగు నెలలు గోడని చూసిన కళ్ళు.

"చూద్దాం అన్నయ్యా. పరీక్ష చెయ్యాలి" అన్నాను.

ఆ రోజు ఆయన రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. మేనకోడలు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని "నువ్వు దేవతవత్తా" అంది. బస్సులో తిరిగి వస్తుంటే నాకూ హాయిగానే ఉంది. ఒకటి రెండు వారాలు పోయాక మెల్లగా చెబుదాం, ముందు మనిషి మనిషిలా అవనీ అనుకున్నాను.

మర్నాడే ఆయన ఉలి, సుత్తి పట్టుకుని గుంటలోకి దిగాడు.

ఇక అక్కణ్ణించి నేను ఆడిన అబద్ధాలన్నీ చెబితే వినేవాళ్ళకి విసుగొస్తుంది. ఒకటి కోసి చూద్దామని నేనంటే "గూడు మొత్తం బయటికి రావాలి, అప్పటిదాకా ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వను" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట అడ్డం పెట్టుకుని ఏళ్ళు దొర్లించాను. "పైవాళ్ళేమన్నారే?" అని అడిగితే "ఫొటోలు పంపాను, చూస్తున్నారు" అన్నాను. ఫొటోలు ఎవరికీ పంపలేదు. ఇంకోసారి "పెద్దాఫీసులో ఉంది కాగితం" అన్నాను. కాగితమూ లేదు, పెద్దాఫీసూ లేదు. ఆయన దగ్గు పెరుగుతుంటే మూతికి తడిగుడ్డ కట్టుకోమన్నాను. దగ్గర కూర్చుని ఆ గుడ్డ ఎలా నాలుగు మడతలు వెయ్యాలో కూడా చూపించాను. రెండక్షరాలు చెప్పలేక తడిగుడ్డ పాఠం చెప్పాను.

క్వారీవాళ్ళు ఆయనకి గుడ్లాయన అని పేరు పెట్టారు. "గుడ్లాయనా, ఇంకా ఎన్నాళ్ళు పొదుగుతావయ్యా?" అని లారీల మీంచి అరిచేవారు. "మీ తాత తాత పుట్టకముందు పెట్టినవిరా. మీకేంటి తొందర?" అని ఈయనా అరిచేవాడు. అరిచి దగ్గేవాడు. ఒక్కో ఉండని చుట్టూ గీసి, నెమ్మదిగా ఊడదీసి, గోనెలో పెట్టి భుజాన వేసుకుని ఇంటికి చేర్చడానికి నెలలు పట్టేది. మంచం కింద, బల్ల కింద, గుమ్మం పక్కన గోనెపట్టాల మీద వరసగా పేర్చి, తెల్ల పెయింటుతో అంకెలు వేశాడు. మేనకోడలు ఇల్లు ఊడ్చేటప్పుడు ఒక్కొక్కటే ఎత్తి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

డాక్టరు ఏడాదికోసారి ఫొటో తీసి "మళ్ళీ దుమ్ములోకి వెళ్తున్నాడా ఈయన?" అని నన్నే అడిగేవాడు. ఒకసారి గట్టిగా తిట్టాడు కూడా. "మీరు చదువుకున్నవాళ్ళు, మీరైనా చెప్పొచ్చు కదా" అన్నాడు. చెబుతానన్నాను. ఆ ఆదివారం వెళ్ళేసరికి అన్నయ్య ఇరవై రెండో రాయి తెచ్చి, దాని మీద పెయింటు ఆరబెడుతూ ఈల వేస్తున్నాడు. మా నాన్న పోయాక ఆయన ఈల వెయ్యగా నేను వినలేదు. కిమ్మనకుండా టీ తాగి వచ్చేశాను.

పదకొండో ఏడు వచ్చేసరికి మంచానికి అతుక్కుపోయాడు. ముక్కుకి గొట్టం, తలాపున ఆక్సిజన్ సిలిండరు. వాక్యం పూర్తి చెయ్యాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి. ముప్పై ఏడు రాళ్ళు ఇంట్లో ఉన్నాయి. గుంటలో ఇంకో పదో పన్నెండో మిగిలాయి.

మోకాలి నొప్పితో రెండు నెలలు ప్రయాణం మానుకుని, అప్పటి ఓ ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళాను. మేనకోడలు ఇంట్లో లేదు. "షాపుకెళ్ళిందా?" అన్నాను. అన్నయ్య నవ్వాడు. కాస్త సేపటికి ఆ పిల్ల వచ్చింది. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. జుట్టు తెల్లగా ఉంది. భుజాన ఉలి, సుత్తి ఉన్న గోనె. గోనె దించి, గోడకి చెయ్యి ఆనించి దగ్గింది. అది జలుబు దగ్గు కాదు. పొడిగా, అడుగు నుంచి గీకినట్టు వచ్చే దగ్గు. అన్నయ్యకి మొదట్లో అలాగే వచ్చేది.

"షాపు మానేశానత్తా. నెలన్నర అయింది. వానలు పడితే మెట్టు కూలిపోతుందట. ఈలోపు మిగతావి తీసెయ్యాలి" అంది. ముప్పై ఒక్కేళ్ళ పిల్ల.

"నా చెవి దానికి వచ్చింది" అన్నాడు అన్నయ్య గర్వంగా. "తట్టి చెప్పేస్తోంది."

నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. అక్కడే నిలబడి చెప్పేశాను. అవి గుడ్లు కావు, ఒక్కటీ కాదు, రాతిముద్దలు, ఇక ఎవరూ గుంటలోకి వెళ్ళొద్దు అని.

ఇద్దరూ నన్ను చూశారు. నమ్మలేదు. ఎందుకు నమ్ముతారు?

"ఎవరన్నారు... పైవాళ్ళా?" అన్నాడు అన్నయ్య. "వాళ్ళు అలాగే... అంటారు. నువ్వు దిగులు పడకు."

మేనకోడలు అంత మెత్తగా మాట్లాడలేదు. "పదకొండేళ్ళు చూద్దాం చూద్దాం అన్నావు. ఇప్పుడు నాన్న లేవలేని టైములో, గూడు పూర్తయ్యే టైములో కాదంటున్నావు. మీ మ్యూజియంవాళ్ళకి కావాలా ఇవి? మేం వదిలేస్తే మీరొచ్చి తవ్వుకుంటారా?"

ఇరవై ఆరేళ్ళలో కిటికీ దగ్గర ఎన్నో మాటలు పడ్డాను. ఏదీ ఇంత లోతుకి దిగలేదు. ఆ పిల్ల తప్పేం లేదు. వాళ్ళకి నా 'కాదు' మీద నమ్మకం లేకుండా చేసింది నేనే.

"కోసి చూపిస్తాను. నువ్వూ రా, పక్కనే నిలబడు" అన్నాను.

"గూడు..." అన్నాడు అన్నయ్య.

"నాన్నా, కొయ్యనీ. అత్త నోరు మూతపడుతుంది" అంది మేనకోడలు.

క్వారీ లారీ ఒకటి మాట్లాడుకుని ముప్పై ఏడూ మ్యూజియానికి చేర్చాం. వెనక షెడ్డులో నీళ్ళు చిమ్ముతూ తిరిగే రంపం ఉంది. మొదటి రాయి బిగించి చక్రం ఆనించాను. పెద్దది, పావుగంట పట్టింది. రెండు చెక్కలు విడిపోయాయి. చుట్టూ తుప్పు రంగు వలయాలు, నడిమధ్యన పిడికెడు పచ్చటి బంకమట్టి. నీళ్ళకి కరిగి ముద్దగా ట్రేలోకి జారింది. లోపల ఖాళీ గుంట మిగిలింది.

"ఇది కాకపోవచ్చు. రెండోది కొయ్యి" అంది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. తొమ్మిదోది కోసేదాకా ఆ పిల్ల ప్రతిసారీ ముందుకు వంగి చూసింది. అప్పటిదాకా ప్రతిదానికీ "తర్వాతది" అంటూనే ఉంది. ఆ తర్వాత అనడం మానేసి, తనే రాయి ఎత్తి నా చేతికి అందించింది. రెండో రోజు సగంలో రాళ్ళని చూడ్డం మానేసి నన్ను చూడ్డం మొదలుపెట్టింది. నేను తలెత్తలేదు. మూడో రోజు సాయంత్రానికి ముప్పై ఏడూ అయిపోయాయి. డెబ్బై నాలుగు చెక్కలు షెడ్డు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాయి, ఒక్కోదాని మధ్యన ఒక్కో గుంట. ట్రేలో పచ్చమట్టి నిండిపోయింది. మేనకోడలు ఆ ట్రే కడిగి, బోర్లించి, బస్టాపుకి నడిచింది.

మర్నాడు మొదటి రాయి చెక్కలు రెండూ తువ్వాల్లో చుట్టుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. మేనకోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆయన చేతుల్లో పెట్టాను. ఆ చేతులు అదురుతూనే ఉన్నాయి. బొటనవేలు లోపలి గుంటలో పెట్టి తడిమాడు. గోటికి కాస్త పచ్చమట్టి అంటింది.

"మట్టా?"

"మట్టే అన్నయ్యా."

"అందుకేనా... ఆ చప్పుడు?"

"అందుకే. లోపల వేరేది ఉందన్నావు, ఉంది. నీ చెవి తప్పు కాదు."

తల ఊపాడు. పని తెలిసినవాడు లెక్క సరిపోయినప్పుడు ఊపినట్టు ఊపాడు. ఆ రెండు చెక్కల్నీ దగ్గర పెట్టి, మళ్ళీ ఒకటిగా మూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ."

సిలిండరు బుసబుసమంటోంది. కిటికీలోంచి గుంటవైపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడొచ్చు. కోసినప్పుడే తెలిసిందనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. గుమ్మంలో మేనకోడలు ఉంది. మూడు రోజులు నా మొహం చూసిన పిల్ల.

"నువ్వు మొదటిది తెచ్చిన రోజే" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. అరవలేదు. ఊపిరి కోసం ఆగి ఆగి, మామూలుగానే అన్నాడు.

"ఆ రోజే చెబితే... ఇంట్లో... కూర్చునేవాణ్ణి కదమ్మా."

నేను మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. నన్ను ఊరుకోమని ఆయన అనలేదు. కాసేపటికి కూతుర్ని పిలిచి, "రేపట్నించి షాపుకెళ్ళు. గుంటకొద్దు" అన్నాడు. ఆ పిల్ల సరేనంది. మర్నాడు వెళ్ళింది. డాక్టరు ఆ పిల్లకి ఫొటో తీసి, తొందరగానే మానేసింది కాబట్టి సరిపోయిందన్నాడు. నాకు మిగిలిన ఊరట అదొక్కటే, అది కూడా నా గొప్ప కాదు.

ఆ తర్వాత అన్నయ్య పంతొమ్మిది రోజులు బతికాడు. సెలవు పెట్టి ప్రతిరోజూ వెళ్ళాను. బస్సులో సీటు దొరికిందా అని అడిగేవాడు. భోంచేశావా అనేవాడు. మోకాలి నొప్పి ఎలా ఉందనేవాడు. నేను జవాబు చెబితే విని, నిజమేనా అన్నట్టు కూతురివైపు చూసేవాడు. ఆ పిల్ల నవ్వుతూ "సీటు దొరికిందట నాన్నా, తిన్నదట" అంటే అప్పుడు కళ్ళు మూసుకునేవాడు.